పెచ్చులూడే నెయిల్ పాలిష్, అడ్డంగా చీలే గోరు: రెండింటి వెనుకా నీరే

నెయిల్ పాలిష్ రెండో రోజుకే కొసల దగ్గర పెచ్చులూడితే సీసాను తిట్టుకుంటాం. గోరు విరిగితే ఒంట్లో క్యాల్షియం తగ్గిందనుకుంటాం. చాలాసార్లు రెండూ తప్పే. గోటిలో క్యాల్షియం ఉండేది అతి స్వల్పం, బలమంతా కెరటిన్ అనే ప్రోటీన్‌ది. ఆ కెరటిన్ ఎంత తేమ పట్టింది, ఎన్నిసార్లు నాని ఎన్నిసార్లు ఆరింది అన్నదాన్ని బట్టే రంగు నిలుస్తుంది, గోరూ నిలుస్తుంది.

పైకి ఒక్క పలకలా కనిపించినా గోరు అంటే చనిపోయిన కణాల దొంతర. మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో మూడు పొరలు. పైనా కిందా ఉండే పల్చటి పొరల్లో కెరటిన్ పోగులు అన్ని దిక్కులకూ అల్లుకుని ఉంటాయి. మధ్యలో ఉండే మందపాటి పొరలో మాత్రం దాదాపు అన్నీ అడ్డంగా, ఈ పక్క నుంచి ఆ పక్కకు సాగుతాయి. కట్టె నార వెంట చీలినట్టే గోరూ ఆ పోగుల వెంట చీలుతుంది. అడ్డంగా చీలడానికి పట్టే శక్తితో పోలిస్తే నిలువునా చీలడానికి సుమారు రెట్టింపు కావాలని కొలిచి చూసినవాళ్లు తేల్చారు. ఈ అమరికతో మనకు మేలే. కొసలో మొదలైన పగులు వేలి మొదలు వైపు దూసుకుపోకుండా పక్కకు తిరుగుతుంది. కింది కండ బతికిపోతుంది.

ఇక నీటి సంగతి. గోరు చర్మం కంటే చాలా వేగంగా నీరు పీలుస్తుంది. నానినప్పుడు ఉబ్బి, మెత్తబడి, కాస్త చదునవుతుంది. ఆరాక మళ్లీ ముడుచుకుని తన వంపుకు వస్తుంది. పైన ఎండిన పాలిష్ పొర ఈ సాగుడుకూ ముడుచుకోవడానికీ పూర్తిగా తాళలేదు. ముందు కొసలో సన్నటి గీత పడుతుంది, అందులోకి నీరు దిగుతుంది, ఆ తర్వాత పెచ్చు లేస్తుంది. గోళ్లను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తుడిచి, వెంటనే రంగు వేసుకుంటే ఎందుకు నిలవదో దీంతో అర్థమవుతుంది. ఉబ్బిన గోటి మీద వేసిన పూత, గోరు ముడుచుకునే సరికి వదులవుతుంది. స్నానం చేశాకో గిన్నెలు తోమాకో కనీసం గంట ఆగి పాలిష్ వేయాలి. నానబెట్టడమన్నది పాలిష్ వేసే రోజు అసలు వద్దు.

ఇదే నానడం, ఆరడం రోజుకు పదిసార్లు జరిగితే గోటి పొరలను పట్టి ఉంచే బంధాలు సడలుతాయి. కొసలు పొరలు పొరలుగా లేచిపోతుంటాయి. దీనికి గ్లూ పనికిరాదు. లేచిన పొర వరకూ కత్తిరించి, కొసను సన్నటి ఫైల్‌తో మూసేయడమొక్కటే దారి. నీటి పని చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోవడం, తర్వాత గోటికీ దాని చుట్టూ ఉన్న చర్మానికీ ఏదైనా నూనె రాయడం ఏ ఖరీదైన సీసా కంటే మిన్న.

గోళ్లను గట్టిపరుస్తాయని అమ్మే హార్డెనర్ల గురించి ఒక మాట. వీటిలో కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అది కెరటిన్ పోగుల మధ్య అదనపు ముడులు వేస్తుంది. మొదటి వారాల్లో గోరు నిజంగానే గట్టిగా అనిపిస్తుంది. వాడుతూ పోతే వంగే గుణం పోయి, గాజులా పుటుక్కున విరుగుతుంది. గోరు మెత్తగా వంగిపోతుంటే అలాంటిది కొద్దికాలం వాడొచ్చు. ఇప్పటికే పెళుసుగా ఉన్న గోటికి మాత్రం అది హానే. గోళ్లకు బలమని వాడే బయోటిన్ అనే విటమిన్ మాత్రల విషయంలోనూ తొందరపడొద్దు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఆ జాబితాలో ఉంది.

సీసాలో ఏముంటుంది?

మామూలు పాలిష్‌లో మూడింట రెండు వంతులకు పైగా ద్రావకాలే, ముఖ్యంగా ఎథిల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్. అవి ఆవిరైపోయాక మిగిలే పొరకు ప్రాణం నైట్రోసెల్యులోజ్. పాతకాలం సినిమా రీళ్లు చేసిందీ దీంతోనే, అవి భగ్గున అంటుకునేదీ దీనివల్లే. కాబట్టి పొయ్యి దగ్గర, అగరొత్తి పక్కన పాలిష్ వేసుకోవద్దు. ఒట్టి నైట్రోసెల్యులోజ్ పెళుసు. అందుకని వంగడానికి ప్లాస్టిసైజర్, గోటికి అంటుకోవడానికి రెసిన్ కలుపుతారు. రంగు పొడి అడుగున పేరుకోకుండా ఒక రకం బంకమట్టి పదార్థం కూడా ఉంటుంది. దానివల్లే సీసాలో చిక్కగా ఉన్న పాలిష్ బ్రష్ కదపగానే పల్చనై పారుతుంది.

'3-ఫ్రీ' అని రాసిన సీసాల్లో టోలీన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడు రసాయనాలు లేవని అర్థం. ఆ తర్వాత వచ్చిన 5-ఫ్రీ, 10-ఫ్రీ వంటి అంకెలకు అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు. పెద్ద అంకె ఉన్నంత మాత్రాన అది ఎక్కువ సురక్షితమని కాదు, వెనుక ఉన్న పదార్థాల జాబితా చదవాల్సిందే.

సగానికి పైగా ఆవిరైపోయే ద్రవం కాబట్టి పొర పల్చగా ఉండాలి. మందంగా వేస్తే పైభాగం ముందే ఎండి తెరకడుతుంది, కింది ద్రావకం బయటికి రాలేక బుడగలు కడుతుంది. చాలామంది సీసాను ఊపడం వల్లే బుడగలనుకుంటారు. అదీ కొంత నిజమే, అందుకే అరచేతుల మధ్య దొర్లించడం మంచిది. కానీ అసలు దోషం ఎక్కువగా మందపు పూతది, ఫ్యాను గాలిది.

ఒక గోటికి రంగు వేసే వరుస చూద్దాం. పాత రంగు తీశాక గోటిని అసిటోన్‌తో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ మరోసారి తుడవాలి. నూనె చెయ్యి తగిలిన గోటికి ఏ పాలిషూ అంటదు. తర్వాత బేస్ కోట్, అంటే రంగు కింద వేసే పారదర్శక పూత. రెండు నిమిషాలు ఆగాక బ్రష్‌కు ఒక పక్క రంగంతా సీసా అంచుకు తుడిచి, రెండో పక్క చిన్న బొట్టు మాత్రం ఉంచాలి. ఆ బొట్టును గోటి మొదలుకు కాస్త దూరంలో ఆనించి, క్యుటికల్ (గోటి మొదట్లోని పల్చటి చర్మం) వైపు, దాన్ని తాకకుండా కొద్దిగా తోసి, మధ్యలో ఒక గీత, రెండు పక్కలా చెరొక గీత లాగాలి. చర్మానికి తగిలిన రంగు ఎండాక అక్కడి నుంచే లేవడం మొదలుపెడుతుంది. కొసన కూడా బ్రష్‌ను అడ్డంగా ఒకసారి రాయాలి. రోజంతా దెబ్బలు తగిలేది ఆ అంచుకే కదా. మూడు నిమిషాలు ఆగి రెండో పూత, మరో మూడు నిమిషాలకు టాప్ కోట్, అంటే రంగును కాపాడే పై పూత. ముట్టుకుంటే అంటుకోని స్థితి పావుగంటలో వస్తుంది, లోపల గట్టిపడడానికి మాత్రం గంటలు పడుతుంది. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే పొద్దుటికి దుప్పటి నేత అచ్చుపడేది అందుకే.

త్వరగా ఆరే టాప్ కోట్ వేశాక రంగు కొసల నుంచి వెనక్కి జరిగి, తెల్లటి అంచు బయటపడిందా? టాప్ కోట్ ఎండుతూ ముడుచుకుని, ఇంకా పచ్చిగా ఉన్న కింది రంగును తనతో లాక్కుంది. కింది పూతలు పల్చగా ఉంచి, టాప్ కోట్‌తో కూడా కొసను మూసేస్తే ఇది ఆగుతుంది. పాలిష్ చిక్కబడితే రిమూవర్ పోయొద్దు. రిమూవర్లలో నీరు, నూనెలు ఉండొచ్చు, అవి రంగును ఉండలు కట్టిస్తాయి. నెయిల్ పాలిష్ థిన్నర్ పేరుతో దొరికే అసిటేట్ మిశ్రమం రెండు మూడు చుక్కలు వేసి, దొర్లించి, కాసేపు ఆగి చూడండి. చాలకపోతే మరో చుక్క.

కొత్త రంగు పరీక్షించే పద్ధతి

సీసాలో కనిపించే రంగు, గోటి మీద రంగు ఒకటి కావు. సీసాలో ఒక సెంటీమీటరుకు పైగా లోతు, గోటి మీద ఒక పల్చటి పొర. పారదర్శకమైన రంగు సీసాలో ముదురుగా కనిపించి వేలి మీద వెలవెలబోయేది అందుకే. కాబట్టి పారదర్శకమైన ప్లాస్టిక్ నమూనా గోళ్లు తీసుకుని, ఒక దాని మీద ఒక పూత, ఇంకో దాని మీద రెండు, మరో దాని మీద మూడు వేయండి. వెనుక రంగు పేరు, పూతల సంఖ్య రాయండి. ఎండాకే, కిటికీ పక్కన పగటి వెలుతురులో, చేతి చర్మం మీద ఆనించి చూడాలి. బల్బు వెలుగులో ఎరుపు పసుపు తిరగొచ్చు, నీలం ఊదా రంగులు అయితే మరీ మోసం చేస్తాయి. గోటి తెల్ల అంచు రంగు లోంచి కనిపిస్తుందో లేదో తెలియాలంటే నమూనా కొస వెనుక సన్నటి తెల్ల కాగితం అంటించి చూడొచ్చు. మెరుపు పొడి రంగులకు ఒక ముదురు బేస్ మీద, ఒక లేత బేస్ మీద రెండు నమూనాలు కావాలి. అదే సీసా రెండు చోట్లా వేరే రంగులా ఉంటుంది. అయస్కాంతపు పాలిష్‌లో ఇనుప రేణువులుంటాయి. పూత తడిగా ఉన్నప్పుడే అయస్కాంతం పట్టాలి, కాబట్టి ఒక్కో గోరూ విడివిడిగా పూర్తి చేయాలి.

ఎంతకాలం నిలుస్తుందో పోల్చేటప్పుడు చాలామంది ఒక చేతికి ఒక పాలిష్, ఇంకో చేతికి ఇంకోటి వేస్తారు. ఇది తప్పుడు పోలిక. పని చేసే చేతికి దెబ్బలెక్కువ, అందులోనూ బొటనవేలు, చూపుడువేలు ముందు అరుగుతాయి. రెండు బేస్ కోట్లను పోల్చాలంటే రంగు, టాప్ కోట్ ఒకటే ఉంచి, ఒకే చేతిలో పక్కపక్క వేళ్లకు మార్చి మార్చి వేయండి. రెండో చేతిలో ఆ వరుసను తిరగేయండి. అప్పుడు వేలి తేడా రద్దవుతుంది. మారేది ఒక్కటే ఉంటేనే ఫలితానికి అర్థం.

ముదురు ఎరుపు, నీలం, ఆకుపచ్చ గోటిని పసుపుగా మార్చొచ్చు. రంగు గోటి పై పొరలోకి దిగిపోతుంది కనుక రిమూవర్‌తో పోదు. గీకి తీస్తే గోరు పల్చబడుతుంది. అది పెరిగి పోవాల్సిందే. ముందే బేస్ కోట్ రెండు పల్చటి పూతలు వేస్తే ఆ మరక చాలావరకు పడదు.

గోళ్లకు 'ఊపిరి' కోసం పాలిష్ లేకుండా ఉంచాలన్న మాట పట్టించుకోనక్కర్లేదు. గోరు చనిపోయిన కణాలు, దానికి అందాల్సిందంతా కింది రక్తనాళాల నుంచి అందుతుంది. కానీ ఒకే పాలిష్‌ను వారాలకొద్దీ ఉంచి తీస్తే గోటి మీద సుద్దలాంటి తెల్లటి గరుకు మచ్చలు రావచ్చు. పై కణాలు పాలిష్‌తో పాటు ఊడిన గుర్తులవి. అప్పుడు కొన్ని వారాలు విరామం ఇవ్వడంలో అర్థముంది.

విరిగిన గోరు: ముందు చూడాల్సింది ఎక్కడ విరిగిందో

గోరు అతకదు, చర్మంలా మానదు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలి గోరు అందులో సగం. మనం చేసే మరమ్మతు ఆ పగులు పెరిగి కొసకు చేరేవరకూ దాన్ని పట్టి ఉంచడమే. పగులు గోటి కొస నుంచి 6 మిల్లీమీటర్ల లోపల ఉంటే రెండు నెలల పని. ఈ లెక్క వేశాకే అతుకు వేయాలో కత్తిరించాలో తేల్చుకోవాలి.

పగులు పూర్తిగా తెల్ల భాగంలోనే ఉంటే కత్తిరించి ఫైల్ చేయండి, అంతే. అందం కోసం పొడవు కాపాడుకోవాలని ఉంటే తప్ప అతుకు శ్రమ దండగ. పగులు పక్క నుంచి గులాబీ భాగంలోకి దిగి, నొప్పి గానీ రక్తం గానీ లేకపోతే అదే అతుకు వేయాల్సిన గోరు. అక్కడ కత్తిరిస్తే కండ బయటపడుతుంది. రక్తం వచ్చినా, గోరు కండ నుంచి లేచినా గ్లూ ముట్టుకోవద్దు. కడిగి, ఆరబెట్టి, కట్టు కట్టి వదలండి. గ్లూతో మూసేస్తే గోటికీ కండకూ మధ్య తేమ చిక్కుకుని సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరవచ్చు, గోరు ఆకుపచ్చగా మారవచ్చు.

అతుకుకు కావలసినవి: మడతలు విప్పి పొడి దులిపిన కొత్త టీ బ్యాగ్ కాగితం లేదా నెయిల్ సిల్క్ పట్టీ, నెయిల్ గ్లూ, 240 గ్రిట్ (సన్నటి గరుకు) ఫైల్, ట్వీజర్స్, చిన్న ప్లాస్టిక్ కవర్ ముక్క, అసిటోన్. మెరిసే వలలా ఉండే టీ బ్యాగులు పనికిరావు, అవి గ్లూ పీల్చవు.

మొదట గోటి పొడవు తగ్గించండి. ఈ ఒక్క అడుగు దాటేసినవాళ్ల అతుకు నిలవదు. బయటికి పొడుచుకొచ్చిన ప్రతి మిల్లీమీటరూ పగులు మీద మీటలా పనిచేస్తుంది. తర్వాత పాలిష్ తీసి, చేతులు కడిగి, గంట ఆరనిచ్చి, గోటిని అసిటోన్‌తో తుడవండి. పగులు చుట్టూ మెరుపు పోయేంత వరకే నాలుగైదుసార్లు తేలిగ్గా ఫైల్‌తో రుద్దండి. అంతకుమించి రుద్దితే ఇప్పటికే బలహీనంగా ఉన్న చోటును ఇంకా పల్చన చేసినట్టే.

పట్టీ కొలత ముఖ్యం. పగులు అడ్డంగా ఉంది కనుక దాన్ని పట్టి ఉంచాల్సింది కొస వైపు భాగానికీ మొదలు వైపు భాగానికీ మధ్య. కాబట్టి పట్టీ పగులుకు అటూ ఇటూ నిలువుగా 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి. వెడల్పు పగులు కంటే కాస్త ఎక్కువ చాలు. చర్మానికి ఒక మిల్లీమీటరు ఇవతలే ఆగాలి. మూలలు గుండ్రంగా కత్తిరించాలి, కోణంగా ఉన్న మూల జుట్టుకూ బట్టకూ తగిలి ముందు లేస్తుంది.

పగులు మీద చిన్న బొట్టు గ్లూ వేసి, సీసా మూతితోనే పల్చగా పరిచి, ట్వీజర్స్‌తో పట్టీ ఆనించి, పైన ప్లాస్టిక్ ముక్క పెట్టి అరనిమిషం నొక్కండి. వేలితో నొక్కితే వేలూ అంటుకుంటుంది. ప్లాస్టిక్ తీశాక పైన ఇంకో బొట్టు వేస్తే కాగితం తడిసి దాదాపు కనిపించకుండా పోతుంది. ఎక్కడైనా తెల్లగా మిగిలితే అక్కడికి గ్లూ చేరలేదని అర్థం, ముందు లేచేదీ అక్కడే. రెండు మూడు నిమిషాలయ్యాక పట్టీ అంచులను మాత్రమే ఫైల్‌తో గోటిలో కలిసిపోయేలా అరగదీయండి, నడిమి భాగాన్ని తాకొద్దు. మరో పల్చటి పూత గ్లూ, అది గట్టిపడ్డాక బేస్ కోట్, రంగు, టాప్ కోట్. గరుకు దాచాలంటే మెరుపు పొడి ఉన్న పాలిష్ మేలు. లేత ఒకే రంగు ప్రతి గుంటనూ చూపిస్తుంది.

ఒక్క రోజులో లేచిందంటే కింద నూనె గానీ తేమ గానీ ఉంది, లేదా పట్టీ చర్మాన్ని తాకింది. పట్టీ బాగానే ఉండి దాని అంచు దగ్గర గోరు కొత్తగా చీలిందంటే అతుకు మరీ మందంగా, బిగుసుగా ఉంది. వంగని అతుకు, వంగే గోరు కలిసే గీత దగ్గరే ఒత్తిడంతా పడుతుంది. గ్లూ వేయగానే చురుక్కుమందంటే బొట్టు పెద్దదైంది. నెయిల్ గ్లూ అంటే సయనోఅక్రిలేట్, గాలిలోనూ గోటిలోనూ ఉన్న తేమతోనే గట్టిపడుతుంది, గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. దూదికీ నూలు గుడ్డకూ ఎక్కువ గ్లూ తగిలితే ఆ వేడి చర్మం కాలేంత కావచ్చు. అందుకని ఒలికిన గ్లూను దూదితో తుడవొద్దు. వేళ్లు అంటుకుంటే లాగొద్దు, గోరువెచ్చటి సబ్బు నీళ్లలో ఉంచి మెల్లగా దొర్లిస్తూ విడదీయండి, లేదా కొద్దిగా అసిటోన్ వాడండి. కంట్లో పడితే ఇంటి చిట్కాలు కాదు, నేరుగా వైద్యుడి దగ్గరికి.

అతుకు వేసిన గోటికి రంగు మార్చేటప్పుడు అసిటోన్ లేని రిమూవర్‌ను దూదికి కొద్దిగా అద్ది త్వరగా తుడిచేయండి. అసిటోన్ గ్లూను కూడా కరిగిస్తుంది. అతుకునే తీయాలనుకున్నప్పుడు అదే మనకు పనికొస్తుంది: దూదిని అసిటోన్‌లో తడిపి, గోటి మీద పెట్టి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి పది నిమిషాలు ఆగితే పట్టీ జెల్లీలా మెత్తబడి దానంతటదే జారుతుంది. గోరుతో గీకి లాగితే పట్టీతో పాటు గోటి పై పొర కూడా వస్తుంది.

అతుకు బదులు జెల్ పూత వేయొచ్చా అంటే, వేయొచ్చు, కానీ ఇంట్లో వేసే జెల్‌కు ఒక పెద్ద చిక్కుంది. జెల్ ఆరదు. యూవీ దీపపు కాంతికి అందులోని అక్రిలేట్ అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడతాయి. దీపం తరంగదైర్ఘ్యం ఆ జెల్‌కు సరిపోకపోయినా, పూత మందమైనా పైన గట్టిగా, లోపల పచ్చిగా మిగులుతుంది. పచ్చి జెల్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు, వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అదే కుటుంబానికి చెందిన అక్రిలేట్లను దంతవైద్యంలోనూ వాడతారు కనుక ఇబ్బంది గోళ్లతో ఆగకపోవచ్చు. అదే అక్రిలేట్ కుటుంబానికి చెందిన హెచ్‌ఈఎంఏ ఉన్న గోళ్ల ఉత్పత్తులను నిపుణులే వాడాలని యూరోపియన్ యూనియన్ 2020లో నిబంధన తెచ్చింది. కాంతి తగలగానే జెల్ గట్టిపడడాన్ని మొదలుపెట్టే టీపీఓ అనే పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో పూర్తిగా నిషేధించింది. మామూలు పాలిష్‌తోనూ అలర్జీ రాదని కాదు. వింత ఏమిటంటే, అది చాలాసార్లు వేళ్ల మీద కాకుండా కనురెప్పల మీద, మెడ మీద దురదగా కనిపిస్తుంది. వేళ్లు తరచూ తగిలేది అక్కడే.

వేసిన అతుకు కొన్ని రోజుల నుంచి రెండు వారాల వరకు పట్టొచ్చు. అంచు లేస్తున్నట్టు కనిపించగానే తీసి కొత్తది వేయండి, లేచినదాని మీదే గ్లూ కుమ్మరిస్తే కింద తేమ చిక్కుతుంది. వారానికోసారి కొసను కొద్దికొద్దిగా ఫైల్ చేస్తూ పగులు తెల్ల భాగంలోకి వచ్చేదాకా లాక్కురావాలి. వచ్చిన రోజు కత్తిరించేయండి. కొసను చతురస్రంగా కోసి మూలలు గుండ్రం చేస్తే పక్కల బలం మిగులుతుంది. రెండు పక్కలా లోతుగా అరగదీసి మొనదేల్చిన గోరు మళ్లీ అక్కడే విరుగుతుంది. ఇంత చేసినా ఏళ్ల తరబడి ఒకే గోరు ఒకే గీత వెంట నిలువునా చీలుతుంటే లోపం కొసలో లేదు. గోరు పుట్టే చోటే ఎప్పుడో దెబ్బ తగిలి ఉండొచ్చు, లేదా అక్కడ చిన్న కణితి ఉండొచ్చు. దానికి పట్టీలు వేస్తూ కూర్చోకుండా చర్మవైద్యుడికి చూపించాలి. గోటి కింద నిలువుగా కొత్తగా వచ్చిన నల్లటి గీతకూ అంతే, దాని మీద పాలిష్ వేసి దాచొద్దు.